ఎడమ పక్క బరువు

చెంచయ్య కారు తొమ్మిది నెలలుగా ఎడమకు ఒరిగి ఉంటోంది. అందులో లేని మనిషి బరువు అది. భార్య ఆదెమ్మ పోయిన రోజున ముందు సీటు ఎడమ పక్క నాలుగు వేళ్ళు దిగింది. కూర్చున్న చోట సొట్ట కూడా పడింది. బతికుండగా ఇరవై రెండేళ్ళు కారెక్కని మనిషి, పోయాక బరువు మాత్రం పంపింది. చెంచయ్య ఆ సొట్టలో సంచీ గాని, గొడుగు గాని పెట్టడు.

కారు ఆయనకన్నా రెండేళ్ళు చిన్నది. అద్దంకి నుంచి దర్శి దాకా అలాంటిది మరొకటి లేదు. పెళ్ళివాళ్ళు వచ్చి పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఆనుకోనివ్వడు. కొత్త ముక్క ఒక్కటి వేసినా అది తన కారు కాదని ఇన్నాళ్ళూ చెప్పినవాడు, ఇవాళ కొత్తరకం షాక్ అబ్జార్బర్లు నాలుగూ ఒళ్ళో పెట్టుకుని ఇసాకు మేస్త్రి షెడ్డుకు వచ్చాడు. ఎందుకని మేస్త్రి అడగడు. అడిగినా చెప్పే మనిషి కాదు.

చెప్పక్కర్లేదు కూడా, ఊరందరికీ తెలుసు. దర్శిలో పెళ్ళి చూసుకుని వస్తుంటే తూము దగ్గర కారు ఎగిరింది. ఆదెమ్మ నాలుక కరుచుకుంది. దిగి, నెత్తురు ఉమ్మి, నిండు గ్లాసు తొణక్కుండా ఈ బండి నడిచిననాడు ఎక్కుతానంది. ఎక్కమని తను పిలవనన్నాడు చెంచయ్య. ఇద్దరూ మాట తప్పలేదు. అప్పటినుంచి ఆమె ఎక్కడికైనా బస్సే. ఆయన బస్సు వెనక కారులో వెళ్ళేవాడు. చివరిసారి ఒంగోలు ఆసుపత్రికి కూడా అంతే. బస్సు వెనక అద్దంలో ఆమె కొప్పు చూసుకుంటూ ఒంగోలు దాకా వెళ్ళాడు. దారిలో కారు ఒక్కసారి కూడా ఆగలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇసాకు జాకీలు పెట్టి పాతవి ఊడదీస్తాడు. తలకిందులుగా పట్టుకుంటే చుక్క నూనె కారదు.

“ఇవి మీ పెళ్ళినాటికే ఎండిపోయినయ్యి పెద్దాయనా. మరి కుదుపులన్నీ ఎవరు మింగినట్టు?”

చెంచయ్య కొత్తవి అందిస్తాడు.

కొత్తవాటికి పాత రంధ్రాలు కలవవు. మేస్త్రి ఛాసిస్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడతాడు. బస్సులో ముసలమ్మ జరిగినట్టు రంధ్రం అంగుళం జరిగి చోటిస్తుంది. బోల్టులు వదులుగా ఎక్కించి, కారును నేలకు దించుతాడు. ఇప్పుడే బిగించకూడదట. రోజూ కూర్చునేవాళ్ళు కూర్చుని, బండి తన బరువుకు దిగాక బిగించాలి. లేకపోతే రబ్బరు బుష్షులు మెలిపడి చీలిపోతాయి.

చెంచయ్య ఎక్కి స్టీరింగు పట్టుకుంటాడు. మేస్త్రి ముందు నిలబడి ఒక కన్ను మూసి చూస్తాడు.

“ఇంకొకరు రావాల.”

“ఇంకెవరూ లేరు.”

“బరువొచ్చి కూర్చుంది, మనిషి రాలేదు. మనిషి లేని బరువు మీద బిగిస్తే నిలవదు. పిలవండి.”

“నేను పిలవను.”

“అయితే నేనూ బిగించను.”

ఇసాకు క్యారేజీ విప్పి అన్నం తింటాడు. మళ్ళీ ఆకలేస్తే మళ్ళీ తింటాడు. అలా నాలుగుసార్లు మధ్యాహ్నం అవుతుంది. చెంచయ్య స్టీరింగు మీద చేతులు తియ్యడు. అయిదో మధ్యాహ్నానికి అద్దంలోకి చూస్తూ, “నువ్వు పిలువు” అంటాడు.

మేస్త్రి చెయ్యి తుడుచుకుని, షెడ్డు ముందు నిలబడి చెయ్యి ఎత్తుతాడు. బస్సు షెడ్డులోకే వచ్చి, టైర్ల గుట్ట పక్కన ఆగుతుంది. ఆదెమ్మ దిగుతుంది. కాస్త చిక్కింది. నేరుగా మేస్త్రి దగ్గరికి నడుస్తుంది.

“గ్లాసు పెట్టావా ఇసాకూ?”

మేస్త్రి బానెట్ మీద నిండా నీళ్ళున్న గ్లాసు పెట్టి, బంపర్ మీదెక్కి గంతులు వేస్తాడు. నీళ్ళు కదలవు. గ్లాసు మీద వాలిన ఈగ కూడా లేవదు. ఆదెమ్మ చాలాసేపు చూస్తుంది. చెంచయ్య ఆమెను చూడడు. కానీ ఆయన ఛాతీ పొంగుతుంది. పొంగి పొంగి స్టీరింగుకు తగులుతుంది. హారను దానంతటదే మోగుతుంది.

ఆమె ఎక్కి సొట్టలో సరిగ్గా సరిపోతుంది. కారు వెంట్రుకవాసి కూడా దిగదు. మేస్త్రి కిందకు దూరి పానాతో బిగిస్తాడు.

“నీ పని ఆగిందని ఎక్కా. ఆయన కారు కోసం కాదని చెప్పు” అంటుంది ఆదెమ్మ.

“విన్నారుగా” అంటాడు మేస్త్రి కిందినుంచి.

“బాగుందో లేదో అడుగు” అంటాడు చెంచయ్య.

“కుదుపు లేదు.”

ఇరవై రెండేళ్ళకు ఆ రెండు మాటలు వచ్చాయి. అవి చెప్పి ఆదెమ్మ దిగుతుంది. ఎడమ పక్క నాలుగు వేళ్ళు లేస్తుంది. సీటులో సొట్ట, పిండి పొంగినట్టు పొంగి పూడిపోతుంది. మేస్త్రి రసమట్టం తెచ్చి బానెట్ మీద పెడతాడు. బుడగ నట్టనడుమ నిలబడుతుంది. జీవితంలో ఇంత సమంగా ఏ బండినీ నిలబెట్టలేదంటాడు.

చెంచయ్య పక్క సీటు మీద చెయ్యి వేస్తాడు. చదునుగా ఉంది. చల్లగా ఉంది.

“కాస్త ఎడమకు వదిలి బిగించలేవా?”

“ఒకసారి కుదురుకున్న రబ్బరు వినదు పెద్దాయనా.”

బస్సు కదులుతుంది. ఆదెమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. రమ్మని ఎవరూ అనలేదు. చెంచయ్య తాళంచెవి కారులోనే వదిలి దిగుతాడు. పంచె ఎగ్గట్టి నాలుగు అంగల్లో బస్సెక్కి, ఆమె పక్కన కూర్చుంటాడు.

తూము దగ్గర బస్సు ఎగురుతుంది. చెంచయ్య నాలుక కరుచుకుంటాడు. నోరంతా ఉప్పగా అవుతుంది. వెనక అద్దంలోంచి చూస్తాడు. కారు వస్తోంది. అటూ ఇటూ ఒరగకుండా, బానెట్ మీద నిండు గ్లాసు తొణక్కుండా వస్తోంది. స్టీరింగు ముందు కూడా చెంచయ్యే కూర్చుని ఉన్నాడు. వీపు నిటారుగా ఉంది. చూపు పక్కకు పోదు.

“చూశావా, ఎట్టా కూర్చున్నాడో” అంటాడు బస్సులో చెంచయ్య, నెత్తురు మింగుతూ.

“ఎప్పుడూ అట్టాగే వస్తాడు” అంటుంది ఆదెమ్మ. మధ్యలో మేస్త్రి లేడు.

బస్సు నాలుగు వేళ్ళు ఎడమకు ఒరుగుతుంది. కారు దాటిన మేరా రోడ్డు గుంతలన్నీ పోయి, ఇస్త్రీ పంచెలా తెల్లగా పరుచుకుంటోంది. దాని ఆ చివర ఇసాకు మేస్త్రి నిలబడి, తాటిచెట్లతో, తూముతో సహా దాన్ని మడత పెట్టుకుంటూ వస్తున్నాడు.