రాలేదన్న కాగితం

"కూర్చుని నొక్కడమేగా తల్లీ, దానికింత అలసటేమిటి?" అంది వెంకటరత్నమ్మ, ఇడ్లీ రేకులు తోముతున్న కోడలు ఒక్క క్షణం నడుం పట్టుకుంటే.

నాంచారమ్మ మళ్లీ రేకులు తోమసాగింది. ఆవిడ చెప్పే కంప్యూటరు నొక్కడం పదింటికి మొదలవుతుంది. ఐదింటి నుంచి పదింటి దాకా జరిగేదానికి ఆ ఇంట్లో పేరే లేదు. అత్తగారికి కారం లేని చట్నీ, ఆయనకి కారం ఉన్న చట్నీ, కూతురు శ్రావ్యకి స్కూలు క్యారేజీ, మళ్లీ ఆయనకి రెండో కాఫీ. ఇవన్నీ వాటంతటవే జరుగుతాయని ఆ ఇంటి నమ్మకం.

బందరు కోనేరు సెంటరు పక్క సందులో ఉంది శ్రీహరి నెట్ సెంటర్. బోర్డు మీద పేరు భర్తది, లోపల చాకిరీ నాంచారమ్మది. శ్రీహరి చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు ఆర్డర్లు పట్టుకుంటూ బెజవాడ, ఏలూరు తిరుగుతాడు. ఊళ్లో ఉన్న రోజు వచ్చి తిరిగే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతాడు. వచ్చిన కుర్రాళ్లు గుమ్మంలోనే "అన్న లేడా?" అంటారు. ఫోటో స్కాన్ చేసి, సైటు ఒప్పుకునేంత చిన్నదిగా చేసి, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి నింపి ప్రింటు చేతిలో పెట్టినా, "అన్నకి థాంక్స్ చెప్పండి" అని వెళ్లిన మహానుభావులున్నారు.

ఆ సెంటరుకో పద్ధతుంది. పల్లెల నుంచి వచ్చే పిల్లలకి మెయిల్ ఐడీ అంటే ఏమిటో తెలియదు. అందుకని ఎవరి అప్లికేషన్ అయినా సరే, మెయిల్ ఐడీ గడిలో సెంటరుదే కొట్టడం, ఫోన్ నంబరు గడిలో శ్రీహరిదే కొట్టడం. హాల్‌టికెట్లు, రిజల్టులు, అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే వచ్చి పడతాయి. పిల్లలొచ్చి "వచ్చిందా అన్నా?" అని అడిగి పట్టుకెళ్తారు. బందరు చుట్టుపక్కల ఎందరి తలరాతలో ఆ పెట్టెలో ఉన్నాయి. దాని తాళం మాత్రం మొగుడూపెళ్లాలిద్దరి దగ్గరే ఉంది.

రెండువేల తొమ్మిది వేసవి మొదట్లో గిలకలదిండి నుంచి దుర్గ వచ్చింది. పద్దెనిమిదేళ్లుంటాయి. తండ్రి సముద్రం మీద పోయాడు. తల్లి కొండమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. మేనమామ పిచ్చేశ్వరరావుకి సొంత బోటుంది కాబట్టి ఆ ఇంట్లో ఆయన మాటే మాట. పిల్ల బైపీసీలో మంచి మార్కులు తెచ్చుకుంది.

"మిలిటరీ నర్సింగ్‌కక్కా. హైదరాబాదెళ్లి ఆఫీసులో చేత్తో ఇవ్వొచ్చంట. లేదంటే నెట్లో పెట్టొచ్చంట."

పక్క కంప్యూటరు దగ్గరున్న కుర్రాడు ఆర్మీ ర్యాలీ తేదీలు చూసుకుంటున్నాడు. "నేరుగా వెళ్తేనే మిలిటరీ. గ్రౌండులో పరిగెత్తి, ఛాతీ కొలిపించుకోవాలి. నెట్లో నొక్కేది ఆడోళ్లకి" అని నవ్వాడు. దుర్గ అతని వంక చూడనైనా చూడలేదు. గొంతు తగ్గించి, "నేరుగా వెళ్లాలంటే మావయ్య తోడు రావాలక్కా. ఆయన రాడు, ఒక్కదాన్నీ వెళ్లనివ్వడు. నెట్లో అయితే ఎవరితోనూ పన్లేదుగా?" అంది.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది ఆ మావయ్య సంగతి. నాంచారమ్మకి ఆ పిల్ల మీద ఎక్కడలేని ముద్దు వచ్చింది. తనకీ ఒకప్పుడు ఇదే అప్లికేషన్. తొంభై ఎనిమిదిలో, అవనిగడ్డలో ఇంటరు అయిపోయాక. పోస్టులో వేస్తే పోతుందేమోనని నాన్న తనే రైలెక్కించి హైదరాబాదు తీసుకెళ్లాడు. లైనులో నిలబడితే కౌంటర్లో ఆయన "అమ్మాయి పేరేంటి? ఏం చదివింది? ఇంటికి దూరంగా ఉండగలదా?" అని నాన్ననే అడిగాడు. నాన్నే చెప్పాడు. మధ్యలో ఆమె నిలబడి ఉంది, పెళ్లిలో పెళ్లికూతురి పక్కన నిలబడ్డ తోడిపెళ్లికూతురిలా. సంతకం పెట్టమన్నప్పుడు మాత్రం పెట్టింది. తర్వాత నాలుగు నెలలు పోస్టు కోసం చూసింది. "ఎండలో నువ్వెందుకమ్మా" అని నాన్నే రోజూ సైకిలు తొక్కుకుంటూ పోస్టాఫీసుకి వెళ్లొచ్చేవాడు. వచ్చి తల అడ్డంగా ఊపేవాడు. "రాలేదమ్మా. మనలాంటోళ్లకి ఎక్కడొస్తాయిలే." తనకోసం నాన్న ఎండలో పడి వెళ్తున్నాడని ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగేవి.

దుర్గకి అలాంటి తిప్పలు లేవు కదా అని సంబరపడింది. కాలం మారిందనుకుంది. పేరు, మార్కులు, పుట్టుమచ్చలు అన్నీ దుర్గనే అడిగి నింపింది. మెయిల్ ఐడీ గడి వచ్చింది. వేళ్లకి అలవాటైన దారి కదా, సెంటరు ఐడీ కొట్టేశాయి. ఫోన్ నంబరు గడిలో శ్రీహరి నంబరు. ఆ పిల్లకో ఐడీ తయారుచేసి ఇవ్వడానికి ఐదు నిమిషాలు పట్టేది. ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు తల్చుకుని తనని తాను తిట్టుకుందో.

జూన్ నెలలో ఒక గురువారం శ్రీహరి ఊళ్లోనే ఉన్నాడు. మెయిల్ తనే తెరిచాడు. దుర్గ హాల్‌టికెట్ వచ్చింది. ఆదివారం హైదరాబాదులో పరీక్ష. అతనికి చెడ్డ ఉద్దేశమేమీ లేదు. టీ కొట్టు దగ్గర పిచ్చేశ్వరరావు కనిపిస్తే "మీ మేనకోడలు మిలిటరీ ఆఫీసరైపోతోందండోయ్" అని గొప్పగా చెప్పాడంతే. పావుగంటలో ఆయన సెంటరులో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"దాన్ని మావాడికి చేసుకుంటున్నాం బావా. ఈ ఆదివారమే తాంబూలాలు. అది ఇంకా ఆ కాగితం వస్తాదని ఊగుతా ఉంది. రాలేదంటే ఊరుకుంటది. ఆడపిల్ల బతుకు, మీకు తెలీదేముంది?"

"అయ్యో, దానికేముందండీ. మీ ఇంటి విషయం" అన్నాడు శ్రీహరి. ఆయన ఎదురుగానే మెయిల్ తీసేశాడు. ఇదంతా నాంచారమ్మ పక్క టేబులు దగ్గర ఎవరిదో రేషన్ కార్డు జిరాక్సు తీస్తూ చూసింది. ఆయన వెళ్లాక శ్రీహరి ఆమె వైపు తిరిగి, "ఆ పిల్లొస్తే రాలేదని చెప్పు" అన్నాడు. ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

మూడింటికి దుర్గ వచ్చింది. ఎండలో నడిచొచ్చిన ముఖం కందిపోయి ఉంది. శ్రీహరి పేపరు చదువుతున్నాడు. చదవడం లేదని నాంచారమ్మకి తెలుసు.

"వచ్చిందా అక్కా?"

"రాలేదమ్మా" అంది నాంచారమ్మ.

ఆ పిల్ల ఏడవలేదు. "నా మార్కులు చాల్లేదేమోనక్కా" అని మెట్లు దిగిపోయింది.

ఆ మాట నాంచారమ్మ గుండెలో ముల్లులా దిగింది. షాపులో ఎవరూ లేరు. పదేళ్ల కాపురంలో ఎప్పుడూ లేనిది, కుర్చీ భర్త వైపు తిప్పి, "తప్పండీ. అది ఆ పిల్ల కాగితం. మనమెవరం?" అంది.

శ్రీహరి పేపరు మడిచాడు. "ఏంటి తప్పు? మీ నాన్న చేసిందేంటి మరి? నీకు ఉత్తరమొస్తే చూపించాడా? నీకిప్పుడేం తక్కువైంది?"

"ఏ ఉత్తరం?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకు తెలీదా? పెళ్లిచూపుల్నాడు అరుగు మీద మీ నాన్నే చెప్పాడుగా. మిలిటరీ నుంచి పిలుపొచ్చినా పిల్లకి చూపించలేదండీ, అంత పద్ధతిగా పెంచాం అని. మా అమ్మకి ఆ మాటే నచ్చింది. వెంటనే ఖాయం చేసుకుందామంది."

ఆ సమయానికి తను వంటింట్లో వీళ్ల కోసం కాఫీ కలుపుతోంది. పంచదార ఎక్కువైందేమోనని భయపడుతోంది. బయట అరుగు మీద తన ఉత్తరం గురించి నలుగురు మగవాళ్లు, ఒక అత్తగారు మాట్లాడుకుని, మెచ్చుకుని, తనని ఖాయం చేసుకున్నారు. కంచే చేను మేసిందని కోపం తెచ్చుకుందామంటే నాన్న పోయి మూడేళ్లయింది. సైకిలు మీద ఎండలో పడి వెళ్లి ఆయన తెచ్చింది ఆ ఉత్తరమేనా? ఎక్కడ చింపాడో, ఏ పొయ్యిలో వేశాడో. ఉద్యోగం పోతే పోయింది, ఎందరికి పోవడం లేదు. కానీ పదకొండేళ్లుగా ఆమె తనని తాను సెలెక్ట్ కాని మనిషిగా చూసుకుంటూ బతికింది. అత్తగారు "నొక్కడమేగా" అన్నప్పుడు ఎదురు చెప్పకపోవడానికి, కుర్రాళ్లు అన్నకి థాంక్స్ చెప్పి వెళ్తుంటే నోరు మూసుకోవడానికి, లోపల ఎక్కడో ఉన్న కారణం అదే. నేను చాలనిదాన్ని, అందుకే నన్ను పిలవలేదు. ఆ అబద్ధం మీద ఆమె కాపురం చేసింది, పిల్లని కన్నది, పొద్దున్నే ఐదింటికి లేచింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. అందరూ తలా పిడికెడు పంచుకున్నారు. ఇందాక మూడింటికి తన వాటా పిడికెడు కూడా పడింది. నాన్న గొంతుతోనే, నాన్న మాటతోనే.

"ఏంటలా చూస్తావ్?" అన్నాడు శ్రీహరి. "జరిగిపోయిందానికి."

ఆమె లేచి జిరాక్సు మిషను ఆపేసింది.

శుక్రవారం పొద్దున అతను ఏలూరు బస్సెక్కాడు. నాంచారమ్మ ఎనిమిదింటికే షట్టరెత్తింది. తీసేసిన మెయిల్ చెత్తబుట్టలోకి వెళ్తుందనీ, నెల రోజులు అక్కడే ఉంటుందనీ శ్రీహరికి తెలియదు. సెంటరు యజమాని అతనైనా, ఎప్పుడూ నొక్కినవాడు కాదు. కాగితం ఉత్తరమైతే నిన్ననే బూడిదయ్యేది. నాంచారమ్మ దాన్ని బయటికి తీసి రెండు ప్రింట్లు తీసింది. దుర్గ పేరు మీద కొత్త మెయిల్ ఐడీ ఒకటి తయారుచేసి, చీటీ మీద రాసి, హాల్‌టికెట్ దానికి పంపించింది. ఫోన్ చేయడానికి వీల్లేదు, ఆ ఇంట్లో ఫోను మావయ్యది. షట్టరు దించి గిలకలదిండి ఆటో ఎక్కింది.

కొండమ్మ ఇంటి ముందు ఇసకలో పరిచిన చేపల్ని తిరగేస్తోంది. దుర్గ బిందెతో నీళ్లు తెస్తోంది. నాంచారమ్మని చూసి ఆగిపోయింది.

"నీ హాల్‌టికెట్ వచ్చిందమ్మా. నిన్ననే వచ్చింది. రాలేదని నేను అబద్ధం చెప్పాను."

దుర్గ బిందె దించింది. తడి చేతులు వోణీకి తుడుచుకుని కాగితం అందుకుంది. ఎంతసేపు చదివిందో. "నిన్న సాయంత్రమే పెళ్లికి సరేనని మావయ్యతో చెప్పేశానక్కా" అంది. "నాకు రాదని ఖాయమైపోయింది కదా అని."

కొండమ్మ లేచి నిలబడింది. "రాలేదని మా అన్నయ్య కూడా చెప్పాడే! ఎవరు పంపారమ్మా నిన్ను? మీ ఆయనా?"

"ఎవరూ పంపలేదండీ. ఆయన వద్దన్నాడు." నాంచారమ్మ అక్కడితో ఆగలేదు. "మీ అమ్మాయి వెళ్లకపోతే మానె. పెళ్లే చేసుకోనివ్వండి. కానీ వద్దనుకుంటే ఆ పిల్లే వద్దనుకోవాలి. పిలవలేదనుకుని మాత్రం బతక్కూడదు. నాకు తెలుసండీ అదెలా ఉంటుందో."

కొండమ్మ కూతురి వంక చూసింది. కూతురు కాగితం మీద నుంచి కళ్లెత్తలేదు. అందులో ఉన్న తన ఫోటోనే చూస్తోంది.

"వెళ్తావటే?" అంది కొండమ్మ.

"వెళ్తానమ్మా."

కొండమ్మ అన్నగారి ఇంటివైపు ఒకసారి చూసింది. తర్వాత నాంచారమ్మ వైపు తిరిగి, "మా అన్నయ్యకి నేను చెప్పుకుంటాలే. అంత దూరం దీనికి తోడెవరెళ్తారు? మా ఇంట్లో మగదిక్కు లేదు" అంది.

"నేను తీసుకెళ్తాను. రేపు సాయంత్రం ఆరింటికి బస్టాండుకి పంపండి" అంది నాంచారమ్మ.

మా ఆయన్ని అడిగి చెప్తానని అనలేదు.