చీటీ మీద పేరు

"రెండూ వేరు చేసేశానండీ" అన్నాను ఫోన్లో మా ఆఫీసు సారుతో, గరిటె తిప్పుతూ. హాల్లో అత్తగారి చెవిన "వేరు" ఒక్కటే పడింది.

"విన్నావురా? వేరు కాపురమట!"

"కాదత్తయ్యా, చిక్కుడు గింజలు."

మా ఆయన పేపరు దించలేదు. "చిక్కుళ్ళు ఏరడానికి ఆఫీసెందుకోయ్, ఫ్రిజ్ నిండా ఉన్నాయిగా!"

నవ్వారు. నేనూ నవ్వాను. పదకొండేళ్ళుగా నవ్వడం కూడా నా ఇంటిపనే.

మొక్కల మ్యూజియంలో ఎండిన మొక్కల్ని అట్టలకి అంటించడం నా ఉద్యోగం. బంబారా శనగ, కెర్‌స్టింగ్ శనగ అని ఆఫ్రికాలో ఇద్దరు దాయాదులున్నారు. చిక్కుడు కుటుంబమే. వేరుశనగలాగే రెండూ కాయని మట్టిలో దాచి పెంచుతాయి. రెంటికీ మూడేసి ఆకులే. ఆకు చూసి ఎవరో ఎప్పుడో నలభై అట్టల మీద బంబారా అనే రాసేశారు. నేను కాయలు విప్పాను. పప్పులో రాళ్ళేరే చేతులు కదా! గుండ్రటి కాయలో ఒకటే గింజ, అది బంబారా. సన్నటి కాయ, గింజకీ గింజకీ మధ్య నొక్కు, అది రెండోది. పదిహేడు అట్టలు తప్పు. మట్టిలో కాసేవాటి సంగతి పైపైన చూస్తే ఏం తెలుస్తుంది?

మా దగ్గర పేరు తప్పయితే పాత చీటీ చింపరు. పక్కన కొత్తది అంటించి, "గుర్తించినవారు" అన్నచోట పేరు రాస్తారు. ఆ చోట ఇన్నేళ్ళూ నా చేతిరాతతో సారు పేరే రాశాను. పొద్దున ఫోన్లోనూ అదే మాట: "శభాష్ అమ్మా! మధ్యాహ్నం మన పని చూడ్డానికి కమిటీ వస్తోంది. చీటీల మీద నా పేరేసి ఉంచు." నన్ను పర్మనెంటు చేసే ఫైలు ఆయన సొరుగులోనే ఉంది.

ఇంట్లో "ఏమోయ్", ఆఫీసులో "ఇదిగో అమ్మా". నా పేరు రాయబోతే కలానికే కొత్తగా అనిపించింది. పదిహేడుసార్లు రాశాను. చివరికొచ్చేసరికి అలవాటైంది.

టీ ట్రేతో లోపలికెళ్ళేసరికి సారు కమిటీ ముందు అట్ట తెరుస్తున్నారు. చీటీ చూసి ఆగిపోయారు.

"ఇదేంటమ్మా, పొరపాటున నీ పేరు పడింది?"

"పొరపాటు పాత చీటీలో ఉంది సార్. కొత్తది సరిగ్గానే రాశాను."

కమిటీ పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుంది. "పొరపాటేమిటి? ఎలా పట్టుకున్నావు?"

ట్రే సారు బల్ల మీద పెట్టేశాను. రెండు కాయలూ పక్కపక్కన ఉంచి, మొదటినుంచీ అందరికీ చెప్పాను. టీలు చల్లారిపోయాయి. మళ్ళీ వేడి చేసి తెమ్మని ఎవరూ అనలేదు.