చీమలు ముట్టని చక్కెర

తిరువళ్ళూరు దాటాక ఉన్న మామిడి జ్యూస్ కంపెనీలో స్టోర్స్ మునియప్పది. ఇరవై రెండేళ్ళుగా, చక్కెర లారీ వస్తే వెంటనే మూట దించనివ్వడు. ముందు చిటికెడు తీసి గోడవార చీమల బారు పక్కన పోస్తాడు. చీమలు మూగితే సంతకం, లేకుంటే లారీ వెనక్కి. ఈ పరీక్ష పెట్టమని ఆయనకెవరూ చెప్పలేదు, మానమనీ చెప్పలేదు. కంపెనీలన్నీ నడిచేది ఇట్లాగే.

ఈ వేసవిలో కొత్త సరుకొకటి వచ్చింది. జ్యూస్‌లో వేసే వాసన నూనె పైకి తేలకుండా నీళ్ళతో కలిపి పట్టుకునే తెల్లపొడి. పేరు సుక్రోజ్ ఎస్టర్. చక్కెరతో చేసిందని మూట మీదే రాసి ఉంది. మునియప్ప చిటికెడు పోశాడు. చీమలు మీసాలతో తడిమి పక్కనుంచి వెళ్ళిపోయాయి. లారీ కూడా వెళ్ళిపోయింది.

ఆ పొడి లేక పని ఆగింది. మేనేజర్ రత్నస్వామి నెత్తీనోరూ కొట్టుకున్నాడు. "ఇంకొక్క లారీ తిప్పి పంపితివా, నిన్ను గేటుకాడికి పంపిస్తా. వచ్చే బండికి, పోయే బండికి గేటు తీస్తా ఉండు!"

మునియప్ప నడుముకున్న తాళంచెవిని తడుముకున్నాడు. స్టోర్స్ తాళంచెవి లేకపోతే తన ఊరు కే.జీ.కండిగైలో ఇంట్లోవాళ్ళు కూడా తనను లెక్కచేయరని ఆయన భయం.

ల్యాబ్‌లో పనిచేసే మోనిషా ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది. "ఇది తీపి కాదు మామా. చక్కెరకి కొవ్వు అతికించి చేసినారు. మొగానికి పూసుకునే క్రీముల్లో గూడా ఇదే వేస్తారు. చీమలకేం పని దీంతో?"

"చక్కెరతో చేసినామని రాసుకునింది వాళ్ళు. అబద్ధమాడేది నా చీమలా?" అన్నాడు గానీ, మాట బుర్రలోకి దిగింది. అసలైన పొడికి చీమ రాకూడదు.

వారం తర్వాత అదే పొడితో రెండో లారీ వచ్చింది. మేనేజరే దగ్గర నిలబడ్డాడు. మునియప్ప అలవాటు చొప్పున చిటికెడు పోశాడు. చీమలు పెళ్ళి పంక్తికి వచ్చినట్టు ఎగబడ్డాయి.

రత్నస్వామి పొంగిపోయాడు. "నీ చీమలే ఒప్పుకున్నాయి గదయ్యా! పెట్టు సంతకం!"

పెడితే స్టోర్స్ తనదే. మునియప్ప పెన్నుకి మూత పెట్టేశాడు. "పెట్టను సార్. చీమ వచ్చిందంటే ఇది ఆ పొడి కాదు. ఉత్త చక్కెర కలిపినారు."

"రాకుంటే తప్పంటివి. వస్తే తప్పంటావా? ఇంక చాలు, పో గేటుకి!"

సాయంత్రానికి మోనిషా ఆ పొడినీ నూనెనూ నీళ్ళలో వేసి గిలకొట్టింది. నూనె తిన్నగా పైకొచ్చి కూర్చుంది. పొడిలో సగానికి పైగా చక్కెరే. మునియప్ప చెప్పిందే నిజం. అయితే గేటు ఆర్డరు అప్పటికే టైపయిపోయింది. టైపయిన కాగితాన్ని తిరుత్తణి మురుగన్ దిగొచ్చినా మార్చలేడు. మారింది స్టోర్స్ నియమమే: ఇకపై ప్రతి లారీకీ చీమల పరీక్ష తప్పనిసరి, చీమల మందు చల్లినవాళ్ళకు సస్పెన్షన్. చీమలు పర్మనెంటయ్యాయి. మునియప్ప మాత్రం తన చీమల దగ్గరికి వెళ్ళే లారీలకు గేటు తీస్తూ కూర్చున్నాడు. ఇంత అవమానం ఆయనకు జన్మలో జరగలేదు.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం రత్నస్వామి పరుగెత్తుకొచ్చాడు, అరచేతిలో కొత్త లారీలోని చిటికెడు పొడితో. "మునియప్పా, చీమలు వచ్చినాయి. గానీ తినలా. ఊరికే చుట్టూ నిలబడుకోని ఉండాయి. దీనికేం అర్థం?"

ఇరవై రెండేళ్ళలో మునియప్ప అట్లాంటిది చూడలేదు. ఏం అర్థమో ఆయనకూ తెలియదు.

"దగ్గరుండి చూడాల సార్," అని, గేటు దగ్గరి ప్లాస్టిక్ కుర్చీని చంకన పెట్టుకుని స్టోర్స్ వైపు నడిచాడు. "దినాలు పట్టచ్చు."