పెద్ద చేప తలకాయ

చేప గాలానికి చిక్కేదాకానే సరదా. చిక్కాక అంతా పనే. అందులోనూ మనిషి అలికిడి లేని అడవిలో, ఎలుగుబంట్లు తిరిగే సరస్సు ఒడ్డున చేప కోయాలంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని కోయాలి. పడుకునే టెంటుకు బాగా దూరంగా కోయాలి. తలా పేగులూ పడవలో తీసుకెళ్ళి లోతు నీళ్ళలో పారేయాలి. చేతులు సబ్బుతో తోముకోవాలి. చేప నీచు తగిలిన గుడ్డముక్క కూడా టెంటులోకి పోకూడదు. ఇవన్నీ మా మామయ్యగారికి ఇంట్లో చెప్పాను, దారిలో చెప్పాను, పడవ దిగాక మళ్ళీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆయన బుద్ధిగా తలూపారు. అది చూసి నమ్మేశాను. అక్కడే పప్పులో కాలేశాను.

మామయ్య జీవితమంతా బజారులో చేపల కొట్టు నడిపారు. బజారులో అందరూ ఆయన్ని 'కత్తి మామ' అనేవారు. ఐసు గడ్డల మీద పరిచిన చేపల్ని తప్ప నీళ్ళలో ఈదే చేపను ఆయన సరిగ్గా చూసింది లేదు. కొట్టు మూసేశాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటున్నారని మా ఆయనే ఆయన్ని ఈ కెనూ ప్రయాణానికి లాక్కొచ్చాడు. కెనూ అంటే ఒక మనిషి భుజాన వేసుకుని మోయగలిగిన సన్నటి పడవ. ఆ మోసే మనిషిని నేనే. మా ఆయనకు నడుం నొప్పి. అడవిలో అడుగుపెట్టగానే వస్తుంది, ఇంటికి చేరగానే పోతుంది.

ఆ ఉదయం కూడా ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి, రాళ్ళూ వేళ్ళూ అడ్డంపడే కాలిబాటన, పడవను బోర్లించి నెత్తిన పెట్టుకుని నడిచాను. మామయ్య తెడ్లు పట్టుకుని నా వెనకే వచ్చారు. పడవ దించాక నా భుజాల మీద పడ్డ ఎర్రటి వాతల్ని చాలాసేపు చూశారు.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. కొట్టుకి వచ్చిన వాటిలో అన్నిటికన్నా పెద్ద చేప తలకాయని అమ్మరు. ఎంత డబ్బిస్తామన్నా అమ్మరు. ఆ రోజు ఇంట్లో ఎవరు ఎక్కువ ఒళ్ళు వంచి పనిచేశారో వాళ్ళ కంచంలో పడుతుంది అది. ఎవరు చేశారన్నది తేల్చేది మామయ్యే. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ దాదాపు రోజూ ఆవిడకే. ఆవిడ పోయాక ఆ తలకాయ వీధి పిల్లి పాలైంది. పెళ్ళై ఇన్నేళ్ళైనా నా కంచంలో ఒక్కసారి పడలేదు. నాకు తలకాయంటే పడి చచ్చేంత ఇష్టమేమీ లేదు. కానీ పిల్లికి పెట్టింది నాకు పెట్టలేదన్న కోపం మాత్రం ఉంది. ఎందుకు దాచుకోవాలి, బాగా ఉంది.

మధ్యాహ్నానికి రెండు చేపలు పడ్డాయి. ఒకటి చిన్నది, ఇంకోటి మా ఆయన ముంజేతి కన్నా పొడుగు. టెంటుకు దూరంగా, నీళ్ళలోకి చొచ్చుకొచ్చిన బండ మీద మామయ్య గొంతుక్కూర్చుని కత్తి అందుకున్నారు. తోక వైపు నుంచి పొలుసు గీకి, పొట్ట చీల్చి, పేగులు ఒక్క లాగులో బయటికి తీశారు. ఎన్నాళ్ళకో చేతికి పని దొరికిన ఆనందం ఆయన మొహంలో కనిపించింది.

"అమ్మాయ్, పెద్దదాని తల ఉంచుదాం" అన్నారు, మొప్పలు తీస్తూ.

"కుదరదు మామయ్యా. ఇందాకే చెప్పాగా. వాసన పట్టిందంటే ఎలుగుబంటి నెత్తిన కూర్చుంటుంది."

"ఇప్పుడే ఉడకబెట్టేస్తే?"

"కండ ఉడకబెట్టుకుందాం. తలలూ పేగులూ నీళ్ళలోకే. బజారు పద్ధతులు ఇక్కడ పెట్టకండి."

చివరి మాట కాస్త గట్టిగానే అన్నాను. ఆయన తలూపారు. తలలూ పేగులూ సంచిలో వేసి మూతి ముడేసి నా చేతికిచ్చారు. సబ్బుతో మోచేతుల దాకా తోముకున్నారు. కాసేపు నడుం వాలుస్తానని, తువ్వాలు చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని టెంటు వైపు వెళ్ళారు. పడుకునేటప్పుడు చెవి మిషను తీసి పక్కన పెట్టుకోవడం ఆయన అలవాటు. అది తీస్తే పక్కన పిడుగు పడ్డా ఆయనకు వినిపించదు.

నేనూ మా ఆయనా పడవెక్కి, చేప ముక్కల గిన్నె మధ్యలో పెట్టుకుని, లోతు నీళ్ళ దాకా వెళ్ళాం. సంచి ముడి విప్పి కుమ్మరించాను. పేగులు జారాయి. చిన్న తల బుడుంగున మునిగింది. పెద్ద తల లేదు.

"ఇంకో తలేది?" అన్నాను.

"బండ మీదే జారి నీళ్ళలో పడుంటుందిలే" అన్నాడు మా ఆయన.

నేనేదో అనబోయి తలెత్తాను. మా టెంటున్న ఒడ్డున చెట్లలోంచి ఎలుగుబంటి బయటికి వచ్చింది.

నల్లగా ఉంది, బాగా పెద్దది. ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. దానికి అందకుండా చెట్టు కొమ్మకు మేం వేలాడదీసిన తిండి మూట కింద నుంచే నడిచింది, దాని వైపు చూడనైనా చూడలేదు. చేపలు కోసిన బండ దగ్గర ఆగలేదు. నేరుగా టెంటు వైపు వెళ్ళింది. అప్పుడర్థమైంది నాకు పెద్ద తలకాయ ఎక్కడుందో. చుట్ట చుట్టిన తువ్వాలు కళ్ళ ముందు మెదిలింది.

"నాన్నా!" అని గావుకేక పెడుతూ మా ఆయన పడవలో నిలబడ్డాడు. పడవ ఒక్కసారిగా పక్కకు ఒరిగింది.

"కూర్చో! మనం మునిగితే ఆయన్ని చూసేవాడెవడు? తెడ్డు వెయ్!"

ఎదురుగాలి. ఎంత వేసినా పడవ కదులుతున్నట్టే లేదు. ఎలుగుబంట్ల మీద కొట్టే కారం స్ప్రే డబ్బాని జాగ్రత్త కోసం మామయ్య తల పక్కనే పెట్టి వచ్చాం. నేను గిన్నెలోని ముక్కలు పడవలోకి కుమ్మరించి, ఖాళీ గిన్నెను తెడ్డుతో దబదబా బాదాను. ఎలుగుబంటి ఒకసారి తిరిగి చూసి, మళ్ళీ తన పనిలో పడింది. టెంటు గుడ్డకు ముక్కు ఆనించింది. గుడ్డ లోపలికి నొక్కుకుపోయింది. ఆ గుడ్డకు అవతల ఆయన తల ఉంటుంది. నాకు తెలుసు, పక్క వేసింది నేనే.

"దేవుడా, దేవుడా" అంటున్నాడు మా ఆయన, తెడ్డు వేస్తూనే. నేను దేవుణ్ణి పిలవలేదు. మామయ్యని తిట్టాను. ఇంతవరకూ ఎవర్నీ తిట్టనన్ని తిట్లు తిట్టాను, ఏడుస్తూ.

ఎలుగుబంటి పంజా ఎత్తి నొక్కింది. టెంటు కర్ర ఫట్‌మని విరిగి ఒక పక్క కూలింది.

లోపల్నుంచి చెయ్యి ఒకటి గుడ్డను ఫెడీమని కొట్టింది. సరిగ్గా దాని ముక్కు మీద తగిలినట్టుంది.

"ఛీ! పో అవతలికి! కొట్టు కట్టేశాం పో!" అన్న మామయ్య గొంతు సరస్సంతా వినబడింది. బజారు కుక్క అనుకున్నాడు ఆ మనిషి.

ఎలుగుబంటి బెదిరి నాలుగడుగులు వెనక్కి వేసింది. ఇక పోతుందనుకున్నాను. ఈలోపు టెంటు జిప్పు తెరుచుకుంది. కుక్కను తరమడానికి మామయ్య పాక్కుంటూ బయటికి వచ్చి, నిటారుగా నిలబడి, అప్పుడు చూశారు. ఆయన చంకలో తువ్వాలు చుట్ట అలాగే ఉంది. ఎలుగుబంటి చూపు దాని మీదే ఉంది.

"పారేయండి మామయ్యా! తువ్వాలు పారేయండి!"

వినబడదు. ఆయన కళ్ళు మాత్రం మా వైపు తిరిగాయి. నేను తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో విసిరేయమని సైగ చేశాను. మళ్ళీ చేశాను. ఆయనకు అర్థమైంది. అర్థమైందని మొహం చూస్తేనే తెలుస్తోంది. అయినా ఆ చుట్టను రెండు చేతులతో గుండెకు అదుముకున్నారు.

మొండితనానికి కూడా ఒక హద్దుండాలి.

ఎలుగుబంటి మీద నుంచి చూపు తిప్పకుండా మామయ్య సరస్సు వైపు వెనక్కి నడవసాగారు. పరుగెత్తకూడదని మాత్రం గుర్తుంచుకున్నారు, నేను చెప్పినవాటిలో ఆ ఒక్కటైనా. పాదాలు తడిశాయి. మోకాళ్ళు మునిగాయి. ఎలుగుబంటి నీళ్ళ అంచు దాకా వచ్చి, ముందు కాళ్ళు నీళ్ళలో పెట్టి ఆగింది. ఆయన నడుం దాకా మునిగారు. పడవ వెనక నుంచి వెళ్ళి ఆయన వీపుకు ఆనింది.

"నువ్వు అటు ఒరుగు, కదలకు" అని మా ఆయనకు చెప్పి, నేను వంగి మామయ్య చంకల కింద చేతులు వెయ్యబోయాను. ఆయన నా చేతులు తప్పించి, ముందు ఆ తువ్వాలు చుట్టను నా ఒళ్ళో పెట్టారు.

"ముందిది పట్టుకో" అన్నారు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "నువ్వు చూస్తే పారేయమంటావని దాచాను. పొద్దున పడవ మోసింది నువ్వేగా."

ఎలుగుబంటి ఇంకో అడుగు నీళ్ళలోకి వేసింది. నేనూ మా ఆయనా కలిసి ఆయన్ని చేపను లాగినట్టే పడవలోకి లాగాం. పడవ సగం నీళ్ళు తాగింది గానీ బోల్తా పడలేదు. తెడ్లు అందుకుని వెనక్కి వెనక్కి తోశాం. అది కాసేపు మమ్మల్ని చూసి, ఒడ్డెక్కి, కూలిన టెంటును చీల్చే పనిలో పడింది. చెవి మిషను అందులోనే ఉంది.

ఒడ్డు దూరమయ్యాక నా నోరు తెరుచుకుంది. తలకాయ కోసం ప్రాణం పోగొట్టుకుంటారా అన్నాను. ఈ వయసులో ఇదేం బుద్ధి అన్నాను. మీకేమన్నా అయితే మేమేమైపోవాలి అన్నాను. ఏడుపుకి సగం మాటలు నాకే అర్థం కాలేదు. మామయ్య నా పెదాల వైపే చూస్తూ, తప్పు చేసిన పిల్లాడిలా ముడుచుకుని కూర్చున్నారు. ఒక్క ముక్కా ఆయనకు వినబడలేదు.

నేను ఆగాక ఆయన నీళ్ళ వైపు చెయ్యి చూపించారు.

"పారేయమంటావా?"

చెప్పినా వినబడదు. తువ్వాలు విప్పాను. పెద్ద తలకాయ, మొప్పలు శుభ్రంగా తీసి, కడిగి ఉంది. ఉప్పు కూడా రాసి పెట్టారు. మళ్ళీ చుట్టి, నా చొక్కాలో పెట్టుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకున్నాను.

"మరి నీ నియమాలూ?" అన్నాడు మా ఆయన వెనక నుంచి. "దాని వాసనకి..."

"నువ్వు నోరు మూసుకుని తెడ్డు వెయ్యి" అన్నాను. "ఇది నాది."