గొట్టాలు వద్దన్న మనిషి

హైటెక్ సిటీ భవనం తెరిచిన మరుసటి ఏడాది చలపతిరావు హెర్నియా ఆపరేషన్ కోసం మాదాపూర్‌లో ఒక నర్సింగ్ హోంలో చేరాడు. పెద్దాపురం రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. ఏ పనికైనా ముందు కాగితం ఉండాలంటాడు. నగరంలో ఉద్యోగం చేస్తున్న కూతురు సంయుక్త చేత ఆమె ఆఫీసు కంప్యూటర్‌లో ఒకటి టైపు చేయించి, చేరగానే నర్సు చేతిలో పెట్టాడు.

"నాకిక స్పృహ రాదని తేలితే గొట్టాలు పెట్టి బతికించవద్దు. మరణించే హక్కు నాది."

నర్సు చివరి వాక్యం ఒక్కటే చదివింది. పది నిమిషాల్లో గదిలోంచి చెంచా, దువ్వెన, హోమియోపతి మాత్రలు, కట్టుడు పళ్ళు మాయమయ్యాయి. వార్డులో పనిచేసే యాభయ్యేళ్ల మొగిలి స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఎందుకయ్యా అలా చూస్తావు?"

"చూస్తనే ఉండుమన్నరు సార్. ఏం పరేషాన్ ఉన్నా నాకు జెప్పుండ్రి."

చలపతిరావు బాత్రూముకు లేచాడు.

"గడియ పెట్టకుండ్రి సార్. ఏదన్న పాడుకుంట ఉండుండ్రి, నాకు ఇనవడాలె."

పాటలు రాని చలపతిరావు బోసినోటితో పదమూడో ఎక్కం రెండుసార్లు అప్పజెప్పాడు.

కబురందిన భార్య నాగేశ్వరి ఆటోలో వచ్చింది. "చచ్చిపోతానన్నారట. నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"చావాలని లేదే. నేను పోయాక ఒళ్ళొక్కటీ మంచం మీద ఉంచొద్దంటున్నాను."

"మీరు పోయారని ఎవరు తేలుస్తారు? డాక్టరుకి తొందరెక్కువైతేనో? ఇంకో మూడ్రోజులాగితే లేచి కాఫీ అడుగుతారేమో."



"మా అమ్మకు దవాఖానల నెలదినాలు గొట్టాలు పెట్టిన్రు," అన్నాడు మొగిలి. "పీక్కుంటుందని చేతులు కట్టుమన్నరు. నేనే కట్టిన. నన్నే జూస్తుండె."



నాగేశ్వరి ఆ కాగితం తెప్పించి, చివరి వాక్యం కొట్టేసి, "నాగేశ్వరి సరేనన్నాకనే" అని రాసింది.

"చావడానికీ నీ పర్మిషనా?"

"రిటైరయ్యాక దేనికి కాదు?"

డాక్టరు వచ్చి మొత్తం చదివాడు. చట్టం దీన్ని ఒప్పుకుంటుందో లేదో తనకు తెలియదన్నాడు. అయినా ఫైల్లో పెట్టించి, కట్టుడు పళ్ళు తిరిగి ఇప్పించాడు. మర్నాడు ఆపరేషన్ అరగంటలో అయిపోయింది.

మెలకువ వచ్చేసరికి నాగేశ్వరి మంచం పక్కనే ఉంది. "నాకూ ఒకటి రాయించండి. మీ అక్కని నా గదిలోకి రానివ్వకూడదని మొదటి వాక్యమే వెయ్యండి."

అక్క ఇంటిపేరు పుట్టింటిది వెయ్యాలా, అత్తింటిదా అని చలపతిరావు అడిగాడు.