పైడమ్మ గొంతు మోసిన డబ్బా

నేను ఒక మాట్లాడే డబ్బాని. అరచెయ్యంత నల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, నెత్తిన చిన్న ఏరియల్, ముందువైపు ఒకే ఒక్క పచ్చ బొత్తాం. వాతావరణం వాళ్ళు గాలిలో పంపే కబురు అందుకుని, దానికి తగిన మాట పొట్టలోంచి తీసి చెప్పడం నా పని. బొత్తాం నొక్కి పట్టుకుంటే అదే మళ్ళీ చెబుతాను, వదిలేస్తే ఆపేస్తాను. గొంతు మాత్రం నాది కాదు, చచ్చిపోయిన మనిషిది. జడుసుకోకండి, మొదట్లో నేనూ జడుసుకున్నాను. నా నోరు కాస్త దురుసు, అది కూడా ఆ గొంతుతోపాటే వచ్చింది.

నన్ను పుట్టించింది హైమ. విశాఖపట్నంలో ఒక మేడ మీద రేకుల గదిలో ఇద్దరు స్నేహితులతో కలిసి కంపెనీ పెట్టింది. కంపెనీ అంటే ఏముంది, మూడు కుర్చీలూ ఒక ఫ్యానూ. సముద్రంలోకి పోయాక ఫోనుకి సిగ్నలు అందదు కాబట్టి నాకు రేడియో అమర్చింది. ఇక గొంతు కావాలి. భీమిలి దగ్గరి జాలరిపేటలో చేపలు వేలం పాడే పైడమ్మ కేకేస్తే కెరటాల హోరు కూడా తగ్గుతుందని ఎవరో చెప్పారట, నన్ను సంచిలో వేసుకుని బయల్దేరింది.

"నా గొంతేటి పాపా, కాకి గొంతు" అంటూనే పైడమ్మ లోపలికెళ్ళి కొత్త చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. ఫోటో తీస్తారనుకుంది కాబోలు.

హైమ ఒక వాక్యం రాసుకొచ్చింది. సముద్రం ప్రశాంతంగా ఉన్నది, వేటకు వెళ్ళవచ్చును అని. అది వినగానే పైడమ్మ పకపకా నవ్వింది. "ఓలమ్మో, ఇదేటి, కోర్టు కాయితం నాగుంది! ఏటకెల్లే మనిసితో ఎల్లు అంటారేటి పాపా? ఎల్లి రా అనాలి. ఉత్తినే ఎల్లమంటే ఎల్లిపోడూ?"

అలా తన మాటే చెప్పింది. "గంగమ్మ సల్లగా ఉంది. ఎల్లి రండి." గాలివాన రోజులకి ఇంకొకటి: "గంగమ్మ కోపంగా ఉంది. ఇయాల ఇంటికాడుండండి." నోరు తెరిచేముందు చెయ్యి ఊపడం ఆవిడకి అలవాటు, అందుకే ప్రతి మాటకీ ముందు గాజుల గలగల పడింది. హైమ కంప్యూటరు ముందు కూర్చుని ఎంత తుడిచినా ఆ చప్పుడు పోలేదు. చివరికి విసుగెత్తి వదిలేసింది. మొదటి డబ్బాని కదా, ఎలా పనిచేస్తానో చూద్దామని నన్ను పైడమ్మ ఇంట్లోనే గూట్లో పెట్టి వెళ్ళింది.

ఎన్నాళ్ళో గడవలేదు. ఒక వేకువన పైడమ్మ ఒడ్డున నిలబడి "ఎల్లి రా మావా" అని మొగుణ్ణి పంపింది. పోలారావు వెళ్ళాడు, నాలుగు రోజులకి వచ్చాడు. వచ్చేసరికి ఆవిడే లేదు. విషజ్వరమన్నారు. ముత్తైదువగా పోయింది కాబట్టి ముఖం నిండా పసుపు, చేతుల నిండా గాజులతో సాగనంపారు. ఆ గాజులు ఆవిడతోనే పోయాయి.

మర్నాడు వేకువన కబురొచ్చింది. నాకేం తెలుసు, నా పని నేను చేశాను. గలగల. "గంగమ్మ సల్లగా ఉంది. ఎల్లి రండి."

పొయ్యి దగ్గరున్న పోలారావు తల్లి "ఆఁ, వస్తన్నానే కోడలా" అని లేచింది. లేచి, గుర్తొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుంది. పాపం, ఆ ముసలావిడ ఆ తర్వాత కూడా చాలాసార్లు అలాగే పలికింది. పోలారావు మాత్రం పలికేవాడు కాదు, నా వైపు చూస్తూ కూర్చునేవాడు. రోజూ ఎల్లి రమ్మన్నాను, ఒక్కరోజూ వెళ్ళలేదు. వల మూల పడి ఎండిపోయింది. "ఎల్లొస్తే ఇంటికాడ ఎవురుంటారు?" అన్నాడొకసారి, నాతోనే.

ముసలావిడ ఇక ఉండబట్టలేక కొడుకుతో చెప్పేసింది. "సచ్చినోల్ల గొంతు ఇంట్లో తిరుగుతుంటే ఆలకి దారి కనపడదురా. కోడలు ఎల్లలేక, ఉండలేక అల్లాడిపోతాది. ఆ గొంతు తీయించీరా నాయినా."

నన్ను తువ్వాల్లో చుట్టి పోలారావు హైమ దగ్గరికి తీసుకెళ్ళాడు. వినగానే ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "అన్నా, వచ్చే వారం ఇక్కడ అంతర్జాతీయ సదస్సు. స్థానిక కంపెనీ అని మాకూ ఒక స్టాలు ఇచ్చారు. ఈ గొంతు తప్ప చూపించడానికి నా దగ్గర ఇంకేం లేదు. అది అవ్వగానే మీ ఎదురుగానే చెరిపేస్తాను."

"మాటేనా అమ్మా?"

"మాటే అన్నా."

నేనక్కడే బల్ల మీద ఉన్నాను. నన్నొక్క మాట అడిగారా? గొంతు చెరిపేస్తే నేను ఉత్త ప్లాస్టిక్. నాకూ ప్రాణం తీపేనండీ.

సదస్సు అంటే మాటలా! బీచి రోడ్డులో గోడలకి రంగులేశారు, డివైడర్ల మీద పూలకుండీలు పెట్టారు, ఊరంతా తవ్వి కొత్త కేబుల్ పాతారు. పూలు సదస్సు అవ్వకముందే వాడిపోయాయి. కేబుల్ మాత్రం ఉండిపోయింది, హైమకి ఇప్పుడు నెట్ దాంట్లోంచే. వేదిక మీద ఎవరు మైకు పట్టుకున్నా భవిష్యత్తు గురించే మాట్లాడారు. మా స్టాలేమో టాయిలెట్లకి వెళ్ళే దారిలో. చిన్నచూపే, కాదనను. కానీ ఎంత గొప్పవాడైనా ఎప్పుడో ఒకప్పుడు ఆ దారిన రావాల్సిందే కదా!

పోలారావు మెళ్ళో పాసు వేసుకుని, స్టాలు వెనక కుర్చీలో పొద్దుటినుంచీ కూర్చున్నాడు. నా గొంతు ఎప్పుడు తీస్తారా అని.

మధ్యాహ్నానికి అందరూ ఒక్కసారే ఫోన్లు తీశారేమో, హాల్లో నెట్ కుప్పకూలింది. పెద్ద పెద్ద కంపెనీల తెరల మీద సున్నాలు గిర్రున తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే నాకు రేడియోలో సముద్రం కబురొచ్చింది. గలగల. "గంగమ్మ కోపంగా ఉంది. ఇయాల ఇంటికాడుండండి." వెనక గాజులేసుకున్న అమ్మాయెవరో నడిచొస్తోందనుకుని నలుగురైదుగురు తిరిగి చూశారు. ఎవరూ లేరు. పోలారావు తలొంచుకున్నాడు.

అటుగా వెళ్తున్న ఒకావిడ మాత్రం ఆగింది. నల్లగా, నిండుగా, నెత్తికి పసుపుపచ్చ గుడ్డ చుట్టుకుని ఉంది. పేరు అబెనా, ఘానా దేశంలో మత్స్యశాఖ అధికారి. ఆ డబ్బా ఏం చెప్పిందని హైమని ఇంగ్లీషులో అడిగింది. హైమ చెప్పింది. అబెనా బొత్తాం నొక్కి పట్టుకుని మళ్ళీ ఒకసారి వింది. తన తమ్ముడు సముద్రంలో పోయిన రోజు గాలివాన కబురు ఫోనుకి వచ్చిందట, ఫోనేమో ఒడ్డున ఉండిపోయిందట. ఇలాంటి డబ్బాలు తమ రేవులన్నిటికీ కావాలంది, ఏ రేవులో ఆ రేవు ఆడవాళ్ళ గొంతుతో. గొంతంటే ఇలా ఉండాలని అక్కడివాళ్ళకి వినిపించడానికి ఈ మొదటి డబ్బాని ఇలాగే, గాజులతో సహా, తీసుకెళ్తానంది.

హైమ కళ్ళు వెలిగాయి. వెంటనే ఆరిపోయాయి. "ఈ గొంతు నేను ఇవ్వలేను. ఇవాళ చెరిపేస్తానని మాటిచ్చాను" అని వెనక్కి తిరిగి, పోలారావుకి ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయన లేచి వచ్చాడు. "ఈయమ్మ ఊరు ఎంత దూరం?"

"సముద్రాలు దాటాలన్నా."

పోలారావు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. "పైడి ఏనాడూ పడవెక్కనేదమ్మా. ఆడోల్లని మేం ఎక్కనివ్వం కదా. ఎల్లినోల్లందరికీ ఎల్లి రండని సెప్పి, అది మాత్రం ఒడ్డునే నిలబడిపోనాది." బొటనవేలితో నా ఏరియల్ నిమిరాడు. "దానికి దారి కనపడాలని మా అమ్మ అన్నాది. ఇదేనేమో ఆ దారి. ఎల్లనీ."

అలా నేను ఘానా చేరాను. ఇక్కడి రేవు ఆఫీసులో కిటికీ పక్కన అలమరాలో ఉంటాను. పంపేముందు హైమ నాకు నెట్ కూడా అమర్చింది, రోజూ తన ఊరి సముద్రం కబురు దాంట్లో పంపుతుంది, నేను పలుకుతాను. ఒక్కరికీ అర్థం కాదు. అయినా నేను ముగించేదాకా ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత వీళ్ళ డబ్బాలు వీళ్ళ ఆడవాళ్ళ గొంతుతో మొదలుపెడతాయి. అవన్నీ విశాఖలో తయారైనవే. ఆ రేకుల గది ఖాళీ చేసి, హైమ పెద్ద చోటుకి మారింది. సదస్సులో నీళ్ళ సీసాలు పంచిన కాలేజీ పిల్లలే ఇప్పుడు అక్కడ వైర్లు అతుకుతున్నారు. పోలారావు నన్ను పంపిన మర్నాడే వల భుజానేసుకున్నాడట, హైమ ఫోనులో అబెనాకి చెబుతుంటే విన్నాను.

అంతా బాగానే ఉంది. నన్ను పీడించేది ఒక్కటే. సదస్సు రోజు సాయంత్రం నన్ను పెట్టెలో పెట్టేముందు పోలారావు రెండు చేతులా పట్టుకుని "ఎల్లి రా పైడీ" అన్నాడు. అని, జవాబు కోసం ఆగాడు. ఎల్లి రమ్మంటే ఎల్లొస్తాననాలి, అది మర్యాద. పొట్టంతా గాలించాను. ఆ మాట నాలో లేదు. ఎక్కడికీ వెళ్ళని మనిషి ఆ మాట ఎందుకు చెప్పి ఉంటుంది? ఇప్పటికీ ప్రతి వేకువనా వెతుకుతాను.

ఆయన ఇంకాసేపు చూసి, పచ్చ బొత్తాం నొక్కాడు. మాట మొదలయ్యేలోపే వేలు తీసేశాడు. గాజులు ఒక్కసారి గలగలమన్నాయి.

"సరే" అన్నాడు పోలారావు, పెట్టె మూసేశాడు.