జవాబు చేరాల్సిన గది

గడ్డం కింది మడత దగ్గర అతను బ్లేడు ఆపాడు.

"మెడ కాస్త పైకెత్తు నాన్నా."

తండ్రి మెడ ఎత్తలేదు. కళ్ళు మాత్రం పైకప్పు వైపు తిప్పాడు, ఎత్తడమంటే అదే అన్నట్టు. అతను ఎడమచేత్తో వదులైన చర్మాన్ని సాగదీసి పట్టుకుని, మిగిలిన నురుగును నెమ్మదిగా తీశాడు. గిన్నెలో నీళ్ళు అప్పటికే చల్లారాయి. కిటికీ అవతల పక్కింటి గోడ తప్ప ఏమీ కనిపించదు. ఆ గోడ మీద పడి తిరిగొచ్చిన వెలుతురే ఈ గదికి పగలు.

"మీ అక్క ఏమన్నా మాట్లాడిందా?"

"నిన్న ఫోన్ చేసింది. నీ మోకాళ్ళెలా ఉన్నాయని అడిగింది."

"ఊ."

అక్క ఫోన్ చేయలేదు. మోకాళ్ళ సంగతి అడగనూ లేదు. తల్లి పోయిన రోజు ఆసుపత్రి వరండాలో నిలబడి, "ముందే తీసుకొస్తే బతికేది. నువ్వే చంపావు" అని అక్క తండ్రితో అంది. తర్వాత ఆ ఇద్దరి మధ్యా మాట లేదు. అప్పటినుంచీ మాటలు అతనే పుట్టించి అటూ ఇటూ చేరవేస్తున్నాడు. తండ్రి అడిగాడని చెప్పి అక్క పిల్లల చదువుల గురించి అడుగుతాడు. అక్క అడిగిందని చెప్పి తండ్రికి మందులు గుర్తుచేస్తాడు. ఎవరి నోటా రాని మాటలు అవి. అతని నోటి నుంచి వచ్చినా అతనివిగా ఎక్కడా చేరవు. తన పెళ్ళి మాట వచ్చినప్పుడు మాత్రం తన సంగతి తను చెప్పుకోలేక నీళ్ళు నమిలాడు. కొన్నాళ్ళకి ఆ మాట ఎత్తేవాళ్ళు కూడా లేకపోయారు.

తువ్వాలుతో చెవుల వెనక నురుగు తుడుస్తుంటే తండ్రి అన్నాడు, "సోమవారం నా ఆపరేషనుకి ముందు దాన్ని ఒకసారి రమ్మను."

అతని చెయ్యి ఆగిపోయింది. "ఎవర్ని?"

"చెవుడా? మీ అక్కని. నేను రమ్మన్నానని చెప్పు." ఏదైనా పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి తప్ప మాట్లాడని మనిషి అంతటితో ఆగలేదు. "ఏమంటుందో సాయంత్రం వచ్చి ఉన్నదున్నట్టు చెప్పు. నీ సొంత పైత్యం కలపకు."

అతను తువ్వాలు పిండి తీగ మీద ఆరేశాడు. మడత సరిగా పడలేదని తీసి మళ్ళీ వేశాడు.

దారిలో వంతెన మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగి ఎడమ భుజం నొక్కుకున్నాడు. వారంగా ఇంతే. తిన్నది అరగక అనుకున్నాడు. తండ్రికి డాక్టర్ల చుట్టూ తిరగడమే సరిపోతోంది, తన భుజం గురించి అడిగే తీరిక ఎక్కడిది.

ఇంటర్నెట్ పని చూస్తాడని ఆఫీసులో అతన్ని అందరూ నెట్టాయన అంటారు. జీతాల చీటీ మీద తప్ప అతనికి ఇంకో పేరున్నట్టు ఎవరికీ తోచదు. అతని గది నేలకింద ఉంటుంది. యంత్రాలు వేడెక్కకుండా గదిని ఏడాది పొడుగునా చల్లగా ఉంచుతారు. అందుకని కుర్చీ వీపు మీద ఒక బూడిదరంగు స్వెటరు ఎప్పుడూ వేలాడుతుంటుంది. మోచేతుల దగ్గర చిరిగితే అతనే గోధుమరంగు దారంతో కుట్టుకున్నాడు. అదే రంగు దారం దొరకలేదో, వెతకలేదో. కుట్టు మాత్రం దగ్గరదగ్గరగా, ఒద్దికగా ఉంటుంది.

వచ్చీ రాగానే స్వెటరు తొడుక్కుని, మూలనున్న పాత కంప్యూటరు పక్క రేకు మీద అరచెయ్యి ఆనించాడు. పిల్లల నుదురు తడిమి చూసినట్టు రోజూ అలాగే చూస్తాడు. భవనంలో ఇన్ని కంప్యూటర్లున్నా బయటి లోకానికి అన్నిటికీ కలిపి ఒకటే చిరునామా. పై గదుల నుంచి బయల్దేరిన ప్రతి ప్యాకెట్టూ, అంటే సమాచారపు పొట్లమూ, ఈ యంత్రం దగ్గరికే వస్తుంది. దీన్ని లోపలనుంచి నడిపే మూల ప్రోగ్రాం, కెర్నెల్, ఆ ప్యాకెట్టు మీద పంపినవాళ్ళ చిరునామా తీసేసి, భవనం చిరునామా వేసి పంపిస్తుంది. ఏ గదిది ఎక్కడికి వెళ్ళిందో తన జ్ఞాపకంలోని పట్టికలో ఉంచుకుంటుంది. జవాబు వస్తే ఆ పట్టిక చూసి, అసలు గది చిరునామా తిరిగి వేసి లోపలికి పంపుతుంది. బయటివాళ్ళకి లోపలివాళ్ళు ఎవరో తెలియదు. మధ్యలో ఒకటుందని లోపలివాళ్ళకీ గుర్తుండదు. అది ఆగినప్పుడే గుర్తొస్తుంది.

కుర్చీలో కూర్చునేలోపే అకౌంట్స్ మేడం మెట్లు దిగి వచ్చింది. లావుపాటి మనిషి, మోకాళ్ళు పట్టుకుని దిగుతుంది.

"మీ యంత్రం మళ్ళీ నన్ను మర్చిపోయిందండీ. ఇలా టీకి వెళ్ళొచ్చేసరికి అలా కనెక్షను తెగిపోయింది."

"చాలాసేపు ఉలుకూ పలుకూ లేకపోతే అది పట్టికలో మీ వరుస తుడిచేస్తుందండీ. మనిషి ఉన్నారో లేరో దానికి తెలీదు కదా."

"బతికే ఉన్నానని దానికి ఎలా చెప్పమంటారు?"

"మధ్యమధ్యలో ఒక మాట పంపుతుండమని మీ కంప్యూటరులో పెడతాను. ఖాళీ మాటే. లోపల ఏమీ ఉండదు. మీరు ఉన్నారని తెలియడానికి, అంతే."

"ఖాళీ మాటలకేం కొదవ? మా ఆయన్ని అడిగితే బస్తాలకెత్తి పంపిస్తాడు." తన జోకుకి తనే నవ్వి, అతని ముఖం చూసి ఆగింది. "ఏంటండీ, పాలిపోయినట్టున్నారు?"

"ఏం లేదండీ. నిద్ర చాల్లేదు."

ఆమె పైకి వెళ్ళాక కాసేపు ఫోను చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. లేని మాటలు చేరవేయడానికి ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇంత జంకలేదు.

"చెప్పరా," అంది అక్క. వెనక కుక్కర్ కూత.

"సోమవారం ఆపరేషనక్కా. నాన్న నిన్ను రమ్మంటున్నాడు."

"ఇదీ నువ్వు వండిందేనా?"

అతను ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"నాకు తెలీదనుకున్నావా? నాన్న నన్ను బంగారం అని ఏనాడన్నా అన్నాడా? నువ్వు మోసుకొచ్చే కబుర్లలోనే అంటాడు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?"

"ఊరుకోకపోతే నువ్వు ఫోన్ చెయ్యడం మానేస్తావని."

కుక్కర్ ఇంకోసారి కూసింది. అక్క స్టవ్ కట్టేసినట్టుంది, అవతల నిశ్శబ్దమైంది.

"ఈసారి నిజంగా నాన్నే అన్నాడక్కా. 'దాన్ని ఒకసారి రమ్మను' అన్నాడు."

"దాన్ని అన్నాడా?"

"ఆఁ."

అక్క అంది, "అయితే ఆయన మాటే. నీకు మర్యాద ఎక్కువ, అలా అనలేవు." గొంతు సవరించుకుంది. "ఇంట్లో మాట్లాడి సాయంత్రం చెప్తా. వస్తానన్నా రానన్నా నేనన్నది అన్నట్టే చెప్పాలి. తెలిసిందా?"

"మార్చనక్కా."

ఫోను స్వెటరు జేబులో వేసుకున్నాడు. మధ్యాహ్నం దాకా పై అంతస్తుల వాళ్ళ పనులు చూశాడు. అకౌంట్స్ మేడం కంప్యూటరులో ఆ ఖాళీ మాట పెట్టి వచ్చాడు. తెచ్చుకున్న డబ్బా విప్పి రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. అంత చల్లటి గదిలోనూ ఒళ్ళంతా చెమట పట్టింది. స్వెటరు విప్పి, భుజాలు సరిచూసి, కుర్చీ వీపుకి తగిలించాడు. తర్వాత యంత్రం పక్కన నేల మీద చతికిలబడి, దాని వెచ్చటి రేకుకి వీపు ఆనించాడు. లోపల పంకా ఒకే శ్రుతిలో తిరుగుతోంది. దాని చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు.

తెగడం ఆగిందని చెప్పడానికి అకౌంట్స్ మేడం దిగి వచ్చింది. తలుపు దగ్గర నిలబడే, "ఇవాళ మర్చిపోలేదండీ," అంది. జవాబు రాలేదు. నిద్రపోతున్నాడనుకుంది. దగ్గరికి వెళ్ళి చెయ్యి ముట్టుకుంది.

అతన్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు ఆ ఇరుకు గదిలో స్ట్రెచర్ తిప్పలేక తిప్పుతుంటే దాని చక్రానికి ఒక తీగ చుట్టుకుని ఊడింది. మూలనున్న యంత్రం ఆగిపోయింది. నిమిషంలో పైనుంచి ఎవరో మెట్ల మీదికి వంగి అరిచారు. "నెట్ పోయింది. నెట్టాయన్ని పిలవండి." కింద ఎవరూ తలెత్తలేదు. ఆ తర్వాత ఎవరో తీగ గుచ్చారు. యంత్రం లేచింది, పంకా తిరిగింది. పట్టిక మాత్రం ఖాళీ. అంతకుముందు పై గదులు అడిగినవాటికి జవాబులు ఇంకా వస్తూనే ఉన్నాయి. అవి ఏ గదివో కెర్నెల్‌కి తెలియదు. వచ్చినవాటిని వచ్చినట్టే వదిలేసింది.

ఇంటికి కబురు చెప్పే పని అకౌంట్స్ మేడం మీద పడింది. తలుపు ఓరగా తెరిచే ఉంది. ముసలాయన గుమ్మానికి ఎదురుగా కుర్చీలో, నున్నటి గడ్డంతో, ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నాడు. ఆమె ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, తనకు చేతనైనంత మెల్లగా చెప్పింది. చెప్పాక ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆయన ఏడవలేదు. ఆమె అన్నది వినిపించలేదేమో అనిపించేంతసేపు గుమ్మం వైపే చూశాడు. తీగ మీద తువ్వాలు ఆరి బిరుసెక్కి ఉంది.

"వాళ్ళక్క ఏమందో మీతో ఏమన్నా చెప్పాడామ్మా?"

ఆమె తెల్లబోయింది. "ఆయనకో అక్క ఉందాండీ?"

ఆయన మళ్ళీ గుమ్మం వైపు తిరిగాడు.

నేలకింద గదికి అప్పటికే తాళం వేసేశారు. లోపల చీకట్లో యంత్రం మీది పచ్చ దీపాలు మిణుకుతున్నాయి. కుర్చీ దగ్గర ఫోను చాలాసేపు మోగి ఆగింది. తర్వాత దాని మీద రెండు ముక్కలు వెలిగాయి: 'రేపు బయల్దేరుతున్నా. అది వస్తోందని చెప్పు.'

ఆ కాస్త వెలుతురులో బూడిదరంగు స్వెటరు జేబూ, పక్కన వేలాడే దాని చేతి మీది గోధుమరంగు కుట్టూ కనిపించి, మళ్ళీ చీకట్లో కలిసిపోయాయి.